పన్ను వసూలుకు వెళ్లినవాడు – లూయీ డాబర్‌మన్ జీవితం

ప్రత్యేక సంచికకు ఒక ప్రసిద్ధుని జీవితం రాసి ఇమ్మని మన కార్యదర్శిగారు అడిగినప్పుడు, జాతీయ నాయకుల గురించి, వాగ్గేయకారుల గురించి రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు కదా అనుకున్నాను. నేను మన వర్గంవాడినే ఒకరిని ఎంచుకున్నాను. ఆయన మంత్రి కాడు, కవి కాడు, సేనాని అంతకన్నా కాడు. ఒక చిన్న ఊళ్లో పన్నులు వసూలు చేసిన చిరుద్యోగి. అయినా ఆయన ఇంటిపేరు మన కాలనీల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. గేటు మీద కుక్క ఉన్నది జాగ్రత్త అన్న బోర్డు చూసి లోపల ఏ కుక్క ఉన్నదని ఆరా తీస్తే, చాలా ఇళ్లవారు చెప్పే పేరు ఆయనదే. ఆ పేరు ఒక మనిషిదని మాత్రం వారిలో ఎక్కువమందికి తెలియదు. నాకూ చాలాకాలం తెలియదు. తెలిసిన తరువాత మనసులో ఒక ముల్లు గుచ్చుకుంది. అదెందుకో తరువాత చెబుతాను.

కార్ల్ ఫ్రెడరిక్ లూయీ డాబర్‌మన్ 1834 జనవరి 2న అపోల్డా అనే ఊళ్లో పుట్టాడు. అప్పటికి జర్మనీ అనే ఒకే దేశం లేదు. మన గద్వాల, వనపర్తి, విజయనగరం సంస్థానాల్లాగా అక్కడా చిన్నవీ పెద్దవీ రాజ్యాలు ఉండేవి. అపోల్డా తురింగియా ప్రాంతంలో, సాక్సే-వైమార్-ఐసెనాక్ అనే పొడుగుపాటి పేరున్న సంస్థానంలో ఉండేది. మహాకవి గోథే మంత్రిగా పనిచేసిన వైమార్ నగరం అక్కడికి పదిహేను కిలోమీటర్లు. గోథే 1832లో కన్నుమూశాడు. లూయీ పుట్టింది ఆ తరువాత రెండేళ్లకు. పక్కనే మహాకవి ఉన్నా అపోల్డాలో కవిత్వం కన్నా మేజోళ్లు ఎక్కువ. ఊరంతా మేజోళ్లు, ఊలు బట్టలు అల్లేవారు. రెండో వృత్తి చర్చిగంటలు పోతపోయడం. అల్లికపని వారి కూలి చాలీచాలనిది. వారి ఆకలి సంగతి గోథే 1779లోనే ఒక ఉత్తరంలో ప్రస్తావించాడు. 1846లో రైలు వచ్చిన తరువాత ఊరు పెరిగింది, కార్ఖానాలు వచ్చాయి, కొందరి చేతిలో డబ్బు ఆడింది. మిగిలినవారి పరిస్థితి మారడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

అలాంటి ఊళ్లో పన్ను వసూలుచేసే ఉద్యోగం ఎట్లా ఉంటుందో మన సభ్యులకు నేను వివరించనక్కరలేదు. రెవెన్యూలో, మునిసిపాలిటీలో పనిచేసినవారికి ఆ అనుభవం ఉన్నదే. మనిషి వీధి మొగదలలో కనబడగానే ఇళ్ల తలుపులు మూతపడతాయి. యజమాని ఊళ్లో లేడని పిల్లవాడి చేత చెప్పిస్తారు. లోపల నుంచి దగ్గు వినబడుతూనే ఉంటుంది. చెక్కులు, చలానాలు అలవాటుకాని ఆ రోజుల్లో వసూలైనదంతా నాణేలే. ఆ సంచి భుజాన వేసుకుని సందుల్లో, ఊరి చివరి బాటల్లో కాలినడకన తిరగాలి. ఫలానావాడి దగ్గర ఫలానారోజున డబ్బుంటుందని ఊరందరికీ తెలుసు. దొంగలకు అంతకన్నా ముందే తెలుసు.

పైగా లూయీకి ఒక్క ఉద్యోగం కాదు. రాత్రిపూట పోలీసు గస్తీ ఒకటి. ఊళ్లో దిక్కులేక తిరిగే కుక్కలను పట్టే పని ఒకటి. చచ్చిన పశువుల కళేబరాలను తొలగించి తోలు తీసే దొడ్డి నిర్వహణ మరొకటి. ఈ చివరి పనిని ఆ కాలపు జర్మన్ సమాజం మహా నీచంగా చూసేది. తరతరాలుగా అక్కడ కొన్ని వృత్తులను గౌరవంలేని వృత్తులని పేరుపెట్టి, వాటిలో ఉన్నవారిని వేరే బల్ల దగ్గర కూర్చోబెట్టేవారు. లూయీ కాలానికి చట్టాలు మారాయి గానీ మనుషుల చూపు అంత తొందరగా మారుతుందా? మన దేశంలో పుట్టినవారికి ఈ సంగతి వేరే చెప్పాలా? పన్ను అడుగుతాడు కనుక ఒకందుకు, కుక్కలు పడతాడు కనుక ఒకందుకు, దొడ్డి చూస్తాడు కనుక ఇంకొకందుకు – ఊళ్లో ఆయన్ను చూసి ముఖం వెలిగినవారు తక్కువే అయి ఉంటారు.

అయితే ఈ మూడు పనులూ ఒకేచోట కలవడంవల్లనే కథ నడిచింది. పన్నుల సంచికి కాపలా కావాలి. కుక్కల దొడ్డి చేతిలోనే ఉంది. ఊళ్లో దొరికే ప్రతి రకం కుక్కా ఆయన కళ్లముందు నుంచే పోతుంది. ఏది భయపడి మూలకు నక్కుతుంది, ఏది ఎదిరించి నిలబడుతుంది, ఏది యజమానిని మాత్రమే గుర్తుపెట్టుకుని మిగిలినవారిని దగ్గరికి రానివ్వదు – ఇవన్నీ చూసే అవకాశం ఆ సంస్థానంలో ఏ జమీందారుకూ లేదు. నచ్చినవాటిని ఉంచుకుని ఒకదానితో ఒకటి జతకట్టించడం మొదలుపెట్టాడు. 1860ల నుంచి అపోల్డాలో కుక్కల సంత జరిగేది. మన పశువుల సంతలాగానే బేరాలు, తిండి దుకాణాలు, సందడి. తన కుక్కలను కొనేవారిని ఆయన చూసుకున్నది ఆ వాతావరణంలోనే. కొనేవారికి కావలసింది అందం కాదు. గేటు దగ్గర పరాయివాడు కదిలితే ఊరుకోని కుక్క కావాలి. ఆయన ఇచ్చిందీ అదే.

ఏయే జాతులు కలిపాడన్నది ఆయన ఎక్కడా రాసిపెట్టలేదు. పన్నుల లెక్కకు పద్దు ఉంటుంది గానీ పెరట్లో కుక్కపిల్లలకు రిజిస్టరు ఎవరు వేస్తారు? కనుక తరువాతివారు కుక్క రూపాన్నిబట్టి, గుణాన్నిబట్టి ఊహించిందే మనకు మిగిలింది. రాట్‌వీల్ పట్టణంలో కసాయివారి పశువులను తోలుతూ, బండ్లు లాగుతూ బతికిన దిట్టమైన రాట్‌వీలర్ నుంచి బలం, నలుపుమీద గోధుమరంగు మచ్చలు వచ్చాయంటారు. ఎలుకలు పట్టే జర్మన్ పిన్షర్ నుంచి చురుకుదనం వచ్చిందంటారు. తురింగియా గొర్రెల కాపరుల కుక్క కూడా అందులో ఉండాలని దాదాపు అందరూ ఒప్పుకుంటారు. వేటకుక్కల మాట, ఫ్రెంచి కాపలాకుక్కల మాట వచ్చేసరికి పండితులు తగువులాడుకుంటారు. ఆ తగువు మనకెందుకు? ఈనాడు మనం చూసే సన్నని, నిగనిగలాడే కుక్క మాత్రం ఆయన కుక్క కాదు. ఆయన కుక్క తల బరువుగా, బొచ్చు ముతకగా, నడుము మోటుగా ఉండేది. పరుగుపందేల గ్రేహౌండ్, ఇంగ్లండు మాంచెస్టర్ టెర్రియర్ రక్తం తరువాతివారు కలిపినది. వాటితోనే ఆ నాజూకు వచ్చింది.

1894 జూన్ 9న లూయీ అదే అపోల్డాలో కన్నుమూశాడు. అరవై ఏళ్లు. తన కుక్కకు తన పేరే ఖాయమవుతుందని, అది సముద్రాలు దాటుతుందని ఆయనకు తెలిసే అవకాశం లేదు. ఊళ్లోవారు వాడుకలో డాబర్‌మన్ కుక్కలని అంటూ ఉండేవారు, అంతే. అదే ఊరివాడైన ఓటో గోలర్ ఆ జాతిని చేతిలోకి తీసుకుని, మరీ మొరటైన స్వభావాన్ని కొంత సర్ది, రూపాన్ని తీర్చి, మిత్రులతో కలిసి 1899లో అపోల్డాలోనే డాబర్‌మన్ పిన్షర్ సంఘం పెట్టాడు. పెద్దమనిషి. తన పేరు పెట్టుకోవచ్చు. పెట్టుకోలేదు. చనిపోయిన పన్నుల ఉద్యోగి పేరే ఉంచాడు. సర్వీసులో ఇతరుల నోట్‌ఫైలు కింద తమ సంతకం పెట్టుకున్న అధికారులను చూసిన మనకు గోలర్ అంటే గౌరవం కలగకమానదు.

కాకతాళీయంగా అదే 1899లో మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ అనే ఆశ్వికదళ కెప్టెన్ ఆల్సేషియన్ జాతికి సంఘం స్థాపించాడు. ఆయన కులీనుడు, అధికారి. పుస్తకం రాశాడు, ప్రతి కుక్కకూ వంశవృక్షం వేయించాడు. పక్కపక్కన పెరిగిన రెండు జాతుల్లో ఒకదాని వెనుక ఎస్టేటు ఉంది, రెండోదాని వెనుక పశువుల దొడ్డి ఉంది. లోకం ఆ సంగతి మరచిపోయి రెండింటినీ ఒకే ధరకు కొన్నది.

ఆ తరువాత కథ వేగంగా నడిచింది. 1908లో అమెరికా కెన్నెల్ క్లబ్బు మొదటి డాబర్‌మన్‌ను నమోదు చేసింది. జర్మనీ పోలీసులు, తరువాత సైన్యం వాటిని తీసుకున్నారు. 1914-18 యుద్ధంలో మనుషులకే తిండి కరువైనప్పుడు కుక్కలకు ఎవరు పెడతారు? జాతి దాదాపు తుడిచిపెట్టుకుపోయే దశకు వచ్చింది. 1921లో అమెరికాలో సంఘం ఏర్పడటంతో మంచి కుక్కలు అటు తరలిపోయాయి. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా మెరైన్ దళం వాటిని పసిఫిక్ దీవులకు తీసుకువెళ్లింది. 1944లో గ్వామ్ దీవిలో జపాను సైన్యంతో జరిగిన పోరాటంలో 25 యుద్ధశునకాలు చనిపోయాయి. వాటిలో మొదటిది కర్ట్ అనే డాబర్‌మన్. శత్రువు ముందు పొంచి ఉన్నాడని తన దళాన్ని హెచ్చరించిన కుక్క అది. యాభై ఏళ్ల తరువాత, 1994లో, ఆ 25 కుక్కల పేర్లతో అక్కడ స్మారకం నిలబెట్టారు. దానిమీద చెవులు నిక్కబొడుచుకుని పడుకుని ఉన్న కంచు డాబర్‌మన్ విగ్రహం ఉంది. మన పోలీసు జాగిలాల దళాల్లోనూ డాబర్‌మన్లు ఏళ్ల తరబడి పనిచేశాయి. దొంగతనం జరిగిన ఇంటి దగ్గర వాసన పట్టి బస్టాండు దాకా వెళ్లి ఆగిపోయిన జాగిలం వార్తలు మనమంతా పత్రికల్లో చదివినవాళ్లమే.

ఇంతటి సేవచేసిన జాతికి దయ్యం పేరు ఎట్లా వచ్చింది? వెండితెర దగ్గరికి వెళ్లాలి.

కుక్కతో భయపెట్టడం సినిమా కన్నా పాతది. కానన్ డాయిల్ షెర్లాక్ హోమ్స్ నవల ‘ది హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్’ 1901-02లో ధారావాహికగా వచ్చింది. బీడుభూమిలో, పొగమంచులో, నోటినుంచి వెలుగు చిమ్ముతూ పరుగెత్తుకువచ్చే కుక్క. మనవాళ్లు 1962లో చూసిన హిందీ ‘బీస్ సాల్ బాద్’కు దూరపు మూలం ఆ నవలే. అందులో కుక్కను తీసేసి పాటలు పెట్టారు. అదీ మంచిదే అయింది, పాటలు ఈనాటికీ వింటున్నాం. అయితే డాయిల్ కుక్కకు ఒక స్థిరమైన జాతి లేదు. ఫలానా జాతి అంటేనే భయం అనే పద్ధతి 1970లలో హాలీవుడ్ నేర్పింది.

1972లో ‘ది డాబర్‌మన్ గ్యాంగ్’ వచ్చింది. ఆరు డాబర్‌మన్లకు శిక్షణ ఇచ్చి బ్యాంకు దోపిడీకి పంపుతారు. కుక్కలన్నిటికీ అమెరికాలో పేరుమోసిన బందిపోట్ల పేర్లు. చిత్రమేమిటంటే, ఈ చిత్రీకరణలో ఏ జంతువుకూ హాని జరగలేదని చివర ధ్రువీకరణ వేసే పద్ధతి మొదలైంది ఈ సినిమాతోనే. పన్నుల డబ్బు కాపాడటానికి పుట్టిన కుక్కను బ్యాంకు దోచుకోవడానికి వాడుకున్నారు. లూయీ చూసి ఉంటే ఏమనుకునేవాడో! అదే ఏడు వచ్చిన ‘దే ఓన్లీ కిల్ దెయిర్ మాస్టర్స్’ నాకు చాలా నచ్చిన సినిమా. సముద్రతీరపు ఊళ్లో ఒక స్త్రీ శవం దొరుకుతుంది. ఆమె డాబర్‌మనే చంపిందని అందరూ తీర్మానిస్తారు. శవపరీక్షలో ఆమె నీట మునిగి చనిపోయిందని తేలుతుంది. చంపింది మనిషి. పేరు వినగానే తీర్పు చెప్పే మన అలవాటుమీద తీసిన సినిమా అది. అయితే జనానికి గుర్తున్నది పేరే, కథ కాదు. యజమానినే చంపుతుందట అన్న మాట మాత్రం ఊళ్లుదాటి వచ్చింది.

1976లో ‘ది ఓమెన్’. అందులో రాట్‌వీలర్లు సైతాను పరివారం. శ్మశానంలో గ్రెగరీ పెక్ మీద పడతాయి. 1978లో ‘ది బాయ్స్ ఫ్రం బ్రెజిల్’. అందులో నాజీ డాక్టర్ మెంగలే వేషం కట్టిన అదే గ్రెగరీ పెక్‌ను డాబర్‌మన్లు చీల్చి చంపుతాయి. ‘మెకన్నాస్ గోల్డ్’ చూసి ఆయన్ను అభిమానించిన మనబోటివారికి రెండేళ్లలో రెండుసార్లు ఆయన కుక్కల బారిన పడటం బాధ కలిగించింది. ఈ రెంటి మధ్యలో, 1977లో, ‘డ్రాకులాస్ డాగ్’ అనే సినిమా. దానికే ‘జోల్టాన్’ అని మరో పేరు. రుమేనియాలో సైనికులు డ్రాకులా సమాధిని పేల్చితే అందులోంచి రక్తం తాగే డాబర్‌మన్ లేచి, వంశంలో మిగిలిన ఒక్కడిని వెతుక్కుంటూ అమెరికా పోతుంది. దారిలో కరచిన కుక్కలనన్నిటినీ తనలాగా మారుస్తుంది. కథగా చూస్తే నవ్వు వస్తుంది. చీకట్లో చూస్తే నవ్వు రాదు.

వీటికోసం డాబర్‌మన్‌నే ఎందుకు ఎంచుకుంటారని నేను చాలా ఆలోచించాను. నల్లని ఒళ్లు, కళ్లపైన రెండు గోధుమ చుక్కలు, అతుక్కున్న పొట్టి బొచ్చుకింద కదిలే కండలు. కత్తిరించి నిలబెట్టిన చెవులు. ఆ చెవులు కోసింది అందంకోసం కాదు, కలబడినప్పుడు ఎదుటివాడి చేతికి చిక్కకుండా. తోక కోసిందీ అందుకే. సినిమావారికి ఈ తోక లేకపోవడం పెద్ద సౌకర్యం. 1983లో ‘కూజో’ అనే సినిమాలో సెయింట్ బెర్నార్డ్ జాతి కుక్కను పిచ్చికుక్కగా చూపారు. ఎంత భయంకరంగా కోరలు చూపించినా ఆ కుక్కలు ఆటలో సంబరపడి తోకలు ఊపుతుండేవట. తోకను కాలికి కట్టి తీయవలసి వచ్చింది. మూతి చుట్టూ నురగ కోసం కోడిగుడ్డు తెల్లసొన, చక్కెర కలిపి పూస్తే అవి నాకేసేవి. డాబర్‌మన్ విషయంలో ఆ ఇబ్బందే లేదు. దాని సంతోషం తెలిపే అవయవాన్ని పుట్టిన కొద్దిరోజులకే మనిషి తీసేశాడు. తెరమీద మిగిలేది పళ్లే.

న్యాయంగా చెప్పాలంటే ఈ సినిమాలన్నీ ఒక్కలాంటివి కావు. 1982లో శామ్యూల్ ఫుల్లర్ తీసిన ‘వైట్ డాగ్’లో ఒక తెల్ల ఆల్సేషియన్ నల్లవారిని చూస్తే మీదపడుతుంది. దానికి చిన్నప్పుడే ఎవరో ఆ పాఠం నేర్పారు. అక్కడ భయపడవలసింది కుక్కకు కాదని చూసినవారికి తెలుస్తుంది. సినిమాలు కుక్కల తలరాతను మార్చగలవని తరువాత లెక్కలు కూడా వేశారు. 2014లో వెలువడిన ఒక పరిశోధనలో అమెరికాలో విడుదలైన 87 కుక్క సినిమాలను పరిశీలించి, ఒక సినిమా ప్రభావం ఆ జాతి పెంపకంమీద పదేళ్ల దాకా ఉండగలదని తేల్చారు.

మా కాలనీకి ఆ లెక్క అక్కరలేకపోయింది. ఇక్కడ నా ముల్లు సంగతి చెప్పాలి.

1980లలో వీడియో కేసెట్ల రోజులు. వినాయక చవితి పందిట్లో తొమ్మిది రాత్రులూ అద్దె వీసీఆర్ పెట్టి సినిమాలు వేసేవారు. ఒక రాత్రి భక్తి సినిమా అయిపోయాక, కుర్రాళ్లు దుకాణంలో దొరికిన ఇంగ్లీషు కేసెట్టు ఒకటి పెట్టారు. రక్తం తాగే నల్లకుక్క సినిమా. పందిట్లో కూర్చున్న పిల్లలు చూశారు, తల్లులూ చూశారు. మా వీధి చివర రిటైరైన ఒక ఓవర్సీయరుగారి ఇంట్లో అచ్చం అలాంటి కుక్క ఉండేది. పేరు టైగర్. నాలుగేళ్లుగా ఉంటున్నది. ఎవరినీ కరిచింది లేదు. పాలవాడిని చూసి మొరిగేది, పోస్టుమాన్‌ను చూసి ఇంకా గట్టిగా మొరిగేది, ఆయన పిలవగానే వెళ్లి కాళ్ల దగ్గర పడుకునేది. మర్నాటి నుంచి పిల్లలు ఆ ఇంటి ముందు నుంచి బడికి వెళ్లం అన్నారు. కొందరు గేటులోంచి రాళ్లు విసిరారు. రాయి తగిలిన కుక్క ఊరుకుంటుందా? గొలుసు తెంచుకునేటట్టు అరిచింది. ఆ అరుపే సాక్ష్యమైంది. కాలనీవాసుల తరఫున ఒక అర్జీ తయారైంది. అందరిలోకి దరఖాస్తులు బాగా రాయగలవాడినని పేరుండటంవల్ల డ్రాఫ్టు నేనే రాశాను. ప్రజల ప్రాణభద్రత దృష్ట్యా అని మొదలుపెట్టాను. ఇరవై రెండు సంతకాలు. మొదటిది నాది.

ఓవర్సీయరుగారు వాదించలేదు. అర్జీ చదువుకుని, మడిచి జేబులో పెట్టుకుని, మర్నాడు టైగర్‌ను రిక్షాలో ఎక్కించుకుని ఊరిబయట బంధువుల మామిడితోటకు తీసుకువెళ్లి వదిలివచ్చారు. అక్కడ అది తిండి ముట్టలేదట. సంక్రాంతి లోపలే పోయిందని తెలిసింది. ఆయన నన్ను ఒక్కమాట అనలేదు. ఆ తరువాత ఏటా నవంబరులో జీవన ధ్రువపత్రం ఇవ్వడానికి ట్రెజరీలో క్యూ కట్టినప్పుడు కలిసేవారు, డీఏ బకాయిల గురించి మాట్లాడేవారు, ఆయన పోయేదాకా అంతే. ఆ కుక్క పుట్టుక వెనుక నాలాంటి వసూలు ఉద్యోగి ఒకడున్నాడని, సంచి భుజాన వేసుకుని భయంభయంగా తిరిగినవాడు తోడుకోసం దాన్ని తయారుచేసుకున్నాడని నేను చదివినది ఓవర్సీయరుగారు పోయిన తరువాత. ఇంటిపన్ను వసూలుకు నేను తిరిగిన సంవత్సరాల్లో ఎన్నిసార్లు సందుల్లో వెనక్కి తిరిగి చూసుకుంటూ నడిచానో నాకు తెలుసు. నా పక్కన నడిచే కుక్క ఒకటి ఉంటే బాగుండునని అనుకున్న రోజులూ ఉన్నాయి.

ఆ అర్జీలో నేను రాసిన ఒక వాక్యం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఈ జాతి కుక్కకు వయసు వచ్చేకొద్దీ మెదడు పెరిగి, పుర్రె చాలక ఒత్తిడికి పిచ్చెక్కి యజమానినే చంపుతుందని అప్పట్లో ఎవరో చెబితే, నిజమని నమ్మి అందులో చేర్చాను. ఆ మాట ఇప్పటికీ అక్కడక్కడ వినిపిస్తున్నది. పూర్తిగా అబద్ధం. ఏ కుక్క మెదడూ పుర్రెను మించి పెరగదు. డాబర్‌మన్‌ను నిజంగా చంపేది మెదడు కాదు, గుండె. ఆ జాతిలో గుండెకండరం సాగి బలహీనపడే వంశపారంపర్య వ్యాధి ఎక్కువ. పైకి దృఢంగా కనబడుతూనే నడివయసులో ఉన్నట్టుండి కూలబడిపోతుంది. రక్తం గడ్డకట్టకపోయే జబ్బు కూడా కొన్నిటిలో ఉంటుంది. ఇంట్లో పిల్లలు డాబర్‌మన్ కావాలని ముచ్చటపడితే, కొనేముందు తల్లికుక్క, తండ్రికుక్కల గుండె సంగతి అడగండి. పశువైద్యుని చేత ఏటా గుండె పరీక్ష చేయించండి. పొట్టి బొచ్చు కనుక దానికి చలి ఆగదు, రాత్రి ఆరుబయట కట్టేయవద్దు. ఒంటరిగా రోజంతా గొలుసుకు కట్టిపడేసిన కుక్క ఏ జాతిదైనా చెడిపోతుంది. రోజూ గంటసేపు నడిపించగల ఓపిక ఇంట్లో ఎవరికో ఒకరికి ఉండాలి. మోకాళ్ల నొప్పులున్న మనలో చాలామందికి ఆ కుక్క తగదు. నాటుకుక్కే మేలు.

కరిచే కుక్కలు లేవని నేను అనడం లేదు. కాపలాజాతులు బలమైనవి, తప్పుగా పెంచితే ప్రమాదమే. 2024 మార్చిలో కేంద్రప్రభుత్వం ప్రమాదకరమైనవంటూ ఇరవైకి పైగా జాతుల అమ్మకాన్ని, పెంపకాన్ని ఆపమని రాష్ట్రాలకు లేఖ రాసింది. అందులో రాట్‌వీలర్ ఉంది, డాబర్‌మన్ లేదు. సంబంధించినవారిని సంప్రదించకుండా ఇచ్చారని ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టివేసింది. కనీసం అక్కడ రెండోపక్షం వాదన వినాలన్న మాట వచ్చింది. మా కాలనీ అర్జీలో అది రాలేదు.

అపోల్డా ఈనాటికీ చిన్న ఊరే. 1923లో కొలోన్ మహాచర్చికోసం ఇరవై నాలుగు టన్నుల గంటను పోతపోసింది అక్కడే. గంటల మ్యూజియం ఉంది. పన్నుల ఉద్యోగి కుక్కకూ ఒక స్మారకం ఉంది. జర్మనీలో 1987 నుంచి చెవులు కోయడం, 1998 నుంచి తోక కోయడం చట్టవిరుద్ధం. ఇప్పుడు ఆ ఊరి వీధుల్లో తిరిగే డాబర్‌మన్లకు చెవులు వేలాడుతుంటాయి. తోక పొడుగ్గా ఉంటుంది, ఊపితే దూరం నుంచే కనబడుతుంది.